జాండోలి దీవిలో ఎలుక

జూలై 3

ఈ ఏడు మార్గరీట్ వాళ్ళ నోరు మూయించకపోతే నా పేరు సెరఫీన్ కాదు.

పోయిన అక్టోబరులో వాళ్ళ పండగ నాడు మా వదిన ఆన్సెల్మా చర్చి మెట్ల మీద నిలబడి అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. "మీ గులాబీకి గొంతు తప్ప ఇంకేమీ లేదే సెరఫీన్. వాసన ఎప్పుడో పోయింది," అంది. ఊరంతా విన్నారు. ఊరంతా అంటే, ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు గులాబీ పాటల సంఘంలోనైనా ఉంటారు, మార్గరీట్ పువ్వు పాటల సంఘంలోనైనా ఉంటారు. కాబట్టి సగం మంది నవ్వారు, సగం మంది నా మొహం చూశారు. గులాబీలో పాట ఎత్తుకునేది నేను. మార్గరీట్‌లో ఎత్తుకునేది ఆవిడ. మా ఆయన యూస్టస్‌కి సొంత అక్క. ఆయన పుట్టింది మార్గరీట్ ఇంట్లోనే. పెళ్ళయ్యాక నా కోసం గులాబీలోకి వచ్చాడు. తమ్ముణ్ణి ఎగరేసుకుపోయానని ఆవిడకి నా మీద కడుపుమంట.

మా పండగ ఆగస్టు 30. దానికి ముందు ఆదివారం పాటల కొలువు ఎప్పుడూ హాల్లోనే పెడతాం. ఈసారి రేవుకి ఎదురుగా ఉన్న దీవి మీద పెడితే? ఎర్ర జెండాలు కట్టిన పడవలు, ఇసుక మీద కొబ్బరాకుల పాక, డప్పు, నా గొంతు. నీళ్ళ మీద పాట ఎంత దూరమైనా పోతుంది. మార్గరీట్ వాళ్ళు తాము పండించిన సముద్రపు నాచు ఆరబెట్టుకుంటూ చచ్చినట్టు వినాలి.

దీవికి కాపలాదారుని నేనే. అటవీశాఖ వాళ్ళు జీతమిచ్చి పెట్టారు. ఇసుక మీదే కదా కూర్చునేది, జాండోలి బల్లులు ఉండే పొదల వైపు ఒక్కర్ని కూడా పోనివ్వను. అధికారి కత్‌బర్ట్ గారికి తర్వాత చెప్పొచ్చు.

జూలై 9

యూస్టస్ తెల్లవారకముందే పడవేసుకుని వెళ్ళాడు. వెదుళ్ళు, ఎండు కొబ్బరాకుల కట్టలు అన్నీ ఒకే విడతలో చేరవేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే మార్గరీట్ వాళ్ళు నాచు తాళ్ళు చూసుకోవడానికి రేవుకొచ్చేస్తారు, చూస్తే అడుగుతారు, అడిగితే ఈయనకి అబద్ధం రాదు.

వచ్చాక టీ ఇస్తూ అడిగాను.

"కట్టలు విప్పి దులిపావా?"

"దులిపాను."

"ప్రతి కట్టా? రేవులోనే?"

"దులిపానన్నాను కదే."

దీవికి ఏది తీసుకెళ్ళినా రేవులో విప్పి, దులిపి, ఒక్కొక్కటే పడవలో పెట్టాలి. సంచి అయినా సరే, చెప్పులయినా సరే. అది నేను పెట్టిన రూలు కాదు, కానీ అందరి మీదా అరిచేది నేనే. జాండోలీలు ఒకప్పుడు ఈ ఊరి కొండల మీద కూడా ఉండేవట. ఎలుకలు, ముంగిసలు ఒక్కటి మిగల్చకుండా తినేశాయి. అవి లేని చిన్న దీవుల్లో మాత్రమే బతికాయి. నా చిన్నప్పుడు అలాంటి ఇంకో దీవి నుంచి కొన్నింటిని గుడ్డసంచుల్లో పెట్టి తెచ్చి మా దీవి మీద వదిలితే, ఆ పడవకి తెడ్డు వేసింది మా నాన్న. ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు.

యూస్టస్ చొక్కా మీద కొబ్బరాకు పీచు ఒక్కటి కూడా లేదు. దులుపుకుని ఉంటాడు.

జూలై 10

పాక చాలా బాగా కుదిరింది.

జూలై 14

పాక దగ్గర రాలిన సముద్రపు బాదంకాయలు కొన్ని కొరికి ఉన్నాయి. పీతల పని. ఈ నెలలో పీతలకి ఆకలెక్కువ.

మగ జాండోలి ఒకటి బండ మీద ఎండ కాచుకుంటోంది. నల్లటి వీపు, తెల్ల చుక్కలు, పసుపు పొట్ట, కొరడాలాంటి నీలం తోక. మా దేశం జెండా రంగులన్నీ ఒంటికి పూసుకుని పుట్టినట్టుంటుంది. నన్ను చూసి పారిపోలేదు. దొరగారిలా తలెత్తి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. నాకెంత ఇష్టమో వీటికి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

జూలై 17

పాకలో చేతులు కడుక్కోవడానికి సబ్బు ముక్క పెట్టి వచ్చాను. ఈ రోజు చూస్తే అంచంతా గీరి ఉంది. పక్కపక్కన రెండేసి గీతలు.

పీతలు సబ్బు తింటాయా? తింటాయేమో. పొద్దస్తమానం ఉప్పులో నానే జంతువు, దానికి రుచేం తెలుసు.

జూలై 18

పీతే.

జూలై 21

ఇసుకగట్టు కింద జాండోలి గుడ్లు పెట్టే చోటొకటి తవ్వేసి ఉంది. మెత్తటి పెంకులు చిరిగి బయట పడున్నాయి. పక్కన నల్లగా, బియ్యపు గింజంత పెంటికలు.

కాలితో ఇసుక లాగి కప్పేశాను.

ఎందుకు కప్పానో రాయాలని కూర్చున్నాను. రాయడం లేదు.

జూలై 22

సాయంత్రం హాల్లో పాటల సాధన. గొంతు ఎంత బాగా పలికిందంటే మా సంఘానికి పండగ రాణి, ముసలి మా టీటా, కుర్చీలోంచి లేచి మరీ అడుగేసింది. బయటికొస్తుంటే వదిన నాచు బుట్ట నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఏమే, ఈ ఏడాది పాటలు బాగా నూరుతున్నారట?"

"నీకు వినబడుతోందా వదినా? పాపం, నిద్ర చెడిపోతోందేమో."

"నాకెందుకు చెడుతుంది, మా మేకే చెవులు ఎగరేస్తోంది. అది సరేగాని, మా తమ్ముడు ఈ మధ్య చీకట్లో లేచి పడవ తీస్తున్నాడట. గులాబీ వాళ్ళు చేపల్ని కూడా చెడగొడుతున్నారా?"

"చేపలకైనా మంచి పాట వినిపిద్దామని."

నవ్వింది. నేనూ నవ్వాను. రాత్రి మాత్రం తిండి ముట్టలేదు. ఎందుకో తెలియదు. బాగానే పాడాను కదా.

జూలై 25

చచ్చిపోయిన జాండోలి. ఆడది. పాకకి కొంచెం అవతల, బండ నీడలో. మెడ దగ్గర కొరికి ఉంది. పొట్టలో గుడ్లు ఉండాలి, ఆ పొట్టే లేదు. పీతలు మెడ కొరకవు. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఎంత సిగ్గులేని మనిషిని నేను.

దాన్ని నా తలగుడ్డలో చుట్టి తెచ్చాను. పడవలో ఏడ్చాను. మా నాన్న చనిపోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదేమో.

యూస్టస్ వల బాగు చేసుకుంటున్నాడు. ముందు పెట్టాను.

"నువ్వు దులపలేదు," అన్నాను.

వల మీంచి తలెత్తలేదు. "ఇంటి కప్పు కోసమని పందులదొడ్డి వెనకాల పెట్టానా కట్టలు, నెల రోజులున్నాయి. విప్పితే తెల్లారిపోతుంది, అక్క వాళ్ళు రేవుకొస్తారని అలాగే వేసేశాను."

"దులిపానన్నావు."

"అన్నాను. నువ్వు నమ్మావా?"

"నమ్మాను."

"నమ్మలేదు సెరఫీన్. నమ్మితే రెండోసారి అడిగేదానివి కాదు."

కోపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ కోపగించుకోవడానికి ఎవరూ దొరకలేదు. తిరిగొచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

జూలై 26

కత్‌బర్ట్ గారికి ఫోను చేశాను. మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. సబ్బు ముక్క తిప్పి తిప్పి చూసి, "ఒకటా, ఇంకా ఉన్నాయా అన్నదే ఇప్పుడు ముఖ్యం," అన్నారు. "పిల్లలు పెట్టే ఎలుకయితే పండగ నాటికి దీవి నిండుతుంది. క్రిస్మస్ నాటికి జాండోలి ఉండదు."

చేయాల్సింది చెప్పారు. పాక పీకేసి ఆకు ఆకూ చూడాలి. పొదల్లో దారులు కొట్టి దీవి మొత్తం బోనులు పెట్టాలి. బోనుకి స్ప్రింగు ఉంటుంది, ఏది దూరినా టపుక్కున పడుతుంది. జాండోలి పగలు తిరిగేది, వాసన తగిలితే చాలు దూరుతుంది. అందుకని ప్రతి సాయంత్రం పొద్దు వాలాక బోనులన్నీ తెరవాలి, ప్రతి ఉదయం ఎండ రాకముందే అన్నీ మూసేయాలి. ఒక్కటి మరిచిపోయినా ఎలుక బదులు జాండోలి చస్తుంది.

"మా ఆఫీసులో మనుషులు చాలరు. మీకు పడవలున్నవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగారు.

పడవలుండి, రోజూ తెల్లారేసరికి నీళ్ళ మీద ఉండేది నాచు పండించేవాళ్ళు. నాచు పండించేవాళ్ళందరూ మార్గరీట్ వాళ్ళు.

జూలై 27

కుద్మెన్ అడగాలి. మా ఊళ్ళో పదిమంది చెయ్యేయాల్సిన పనికి అదొక్కటే దారి. ఇల్లు కప్పాలన్నా, దుంపలు తవ్వాలన్నా, కావలసిన మనిషి స్వయంగా ఒక్కో గడపకీ వెళ్ళి అడగాలి. పనేమిటో, ఆ పని ఎందుకొచ్చిందో నోటితో చెప్పాలి. మొగుణ్ణి పంపడానికి లేదు. అడిగితే ఎవరూ రామనరు. కానీ వచ్చి పని చేస్తూ ఎన్ని మాటలైనా అనొచ్చు, తిండి పెట్టేవాళ్ళు పడాలి.

మొదట వదిన దగ్గరికే వెళ్ళాను. ఆవిడ రావడానికి ఒప్పుకుంటే మిగతావాళ్ళు వస్తారు. నాచు ఆరబెట్టే బల్లల దగ్గర ఉంది. అంతా చెప్పాను. పాక ఎందుకు వేశామో కూడా.

నాచు తిరగేయడం ఆపలేదు ఆవిడ. "అంటే మమ్మల్ని ఏడిపించడానికి ఎలుకని పడవెక్కించి, ఊరేగించి, దీవిలో దింపారన్నమాట."

"అవును వదినా."

"ఎర్ర జెండా కూడా కట్టారా దానికి?"

"కట్టలేదు."

"పాపం. కట్టాల్సింది." ఇంకో పిడికెడు నాచు తిరగేసింది. "మా తమ్ముడు దులపలేదా?"

"నేనూ గట్టిగా అడగలేదు."

అప్పుడు నా వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు. "ఎన్ని చచ్చాయి?"

"కళ్ళారా చూసింది ఒకటి. గుడ్లు పోయాయి."

చేతికంటిన నాచు పావడాకి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, చివరికి అంది. "ఆ జాండోలి తోక ఏ రంగే?"

"నీలం."

"మార్గరీట్ రంగేది?"

"నీలం."

"మరి? అవి మా వాళ్ళు. మా వాళ్ళ కోసం వస్తాం. నీ కోసం అని మాత్రం అనుకోకు."

ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు. దారిలో ఇంకా చాలా గడపలెక్కాను, ఒక్కోచోట ఒక్కో రకం మాటలు పడ్డాను. పడితే పడ్డాను.

ఆగస్టు 1

మా తాతముత్తాతలకి బానిసతనం పోయిన రోజు, సెలవు. ఎవరికీ పని లేదు. పడవలన్నీ వచ్చాయి. ఎరుపు వాళ్ళు, నీలం వాళ్ళు ఒకే పడవలో మోకాళ్ళు తగిలించుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. రేవులో ప్రతి సంచీ నేనే దులిపాను. వదిన తన బుట్ట నా చేతికిచ్చి, "బాగా దులుపు, నీకు అలవాటు లేని పని," అంది. అందరూ నవ్వారు. బాగానే దులిపాను.

పాక పీకాం. యూస్టస్ ఒక్కో ఆకు విప్పి ఎండకి పట్టి చూశాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. కప్పులో నాలుగో వరస మొదట్లో పీచు నలిపి చేసిన గూడు కనబడింది. ఖాళీ గూడు. ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వదిన వెళ్ళి గూడు తీసుకుని తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. కొట్టిందో ఓదార్చిందో తెలియదు.

ముళ్ళపొదల్లో దారులు కొడుతుంటే డప్పు మొదలైంది. పాట నేనెత్తుకున్నాను. అవతలి దారిలో అదే క్షణంలో వదిన ఎత్తుకుంది. ఇద్దరం ఆగలేదు. మధ్యలో కత్తి పట్టుకున్నవాళ్ళకి ఎవరి తాళానికి కొట్టాలో తెలియక, పాపం, ఒక దెబ్బ నా పాటకి, ఒక దెబ్బ ఆవిడ పాటకి. పని మాత్రం త్వరగా అయింది.

ఉడికించిన పచ్చి అరటికాయలు, ఉప్పుచేప వండి పెట్టాను. వదిన మూడోసారి వడ్డించుకుంటూ ఉప్పెక్కువైందంది.

సాయంత్రం బోనులు తెరిచాం. కొన్ని రోజులు గులాబీ, కొన్ని రోజులు మార్గరీట్, వంతులేసుకున్నాం. దీవి మీద పాటల కొలువు రద్దని మా టీటాకి చెప్పాను. "పాటకేం, ఎక్కడైనా పాడొచ్చు," అంది. నేను భయపడినంత పెద్ద విషయం కాలేదు.

ఆగస్టు 4

దొరికింది. మార్గరీట్ వంతులో. గర్వంతో రేవంతా తిప్పారు దాన్ని.

కత్‌బర్ట్ గారు చూసి, "ఆడది. పిల్లలకి పాలిచ్చే తల్లి," అన్నారు. అందరి నవ్వులూ ఆగిపోయాయి. పిల్లలు ఎక్కడో ఉన్నాయి.

ఆగస్టు 9

పిల్ల ఎలుకలు దొరికాయి, వరసగా రెండు బోనుల్లో. ఈసారి మా వంతు. చచ్చినవాటిని చూసి ఇంత సంతోషిస్తానని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఇంకా ఉన్నాయి. వేరుశనగ ముద్ద కలిపిన మైనం బిళ్ళలు చెట్లకి కట్టాం, ఎలుక ఉంటే కొరుకుతుంది. ఒక బిళ్ళ మీద గీతలున్నాయి.

ఆగస్టు 12

ఇంకొకటి దొరికింది. మైనం మీద మళ్ళీ గీతలు.

ఆగస్టు 14

గీతలు.

యూస్టస్ తన వంతు కాకపోయినా రోజూ వెళ్తున్నాడు. మార్గరీట్ వాళ్ళు పడవలో చోటిస్తున్నారు. ఈ రోజు వస్తూ, "అక్క నాతో మాట్లాడింది," అన్నాడు. ఏమందని అడిగితే, "తెడ్డు సరిగా వెయ్యమంది," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ తనతో పొడి మాటలే మాట్లాడిందని, అది ఆయన్ని ఇంత కాల్చిందని నాకెప్పుడూ చెప్పలేదు. నేనడగలేదు.

ఆగస్టు 20

వేళ్ళు ముళ్ళకి గీరుకుపోయాయి. అక్షరాలు వంకరగా పోతున్నాయి.

నిన్న సాయంత్రం బోనులు తెరిచి వచ్చాక గాలివాన పట్టుకుంది. తెల్లారేసరికి రేవు ముందు అలలు గోడల్లా లేస్తున్నాయి. మా వంతు. ఎవరూ పడవ దింపలేకపోయారు. వాన ఉన్నంతసేపూ పరవాలేదు, ఎండ లేకపోతే జాండోలి కన్నంలోంచి బయటికి రాదు. అందరం రేవులో నిలబడి మబ్బుని చూస్తున్నాం. మబ్బు ఉండాలి మబ్బు ఉండాలి అని మొక్కుకున్నాను. ఈ ఊళ్ళో వాన పోవద్దని మొక్కుకున్న బెస్త ఇల్లాలు నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మబ్బు చీలిపోయింది. కొండ మీద ఎండ పడింది, ఆ ఎండ మెల్లగా నీళ్ళ మీదికి జరుగుతోంది.

"ఎక్కు," అంది వదిన. తన పడవ తాడు అప్పటికే విప్పేసింది.

"ఇది మా వంతు వదినా, నువ్వెందుకు..."

"ఎక్కుతావా, నన్ను ఒక్కదాన్ని పొమ్మంటావా?"

యూస్టస్ పడవని తోసి తనూ ఎక్కాడు. అక్క చుక్కాని, తమ్ముడు తెడ్డు, నేను నీళ్ళు తోడిపోశాను. ఒక అల మమ్మల్ని పక్కకి వాల్చినప్పుడు చచ్చిపోతామనుకున్నాను, నిజంగా అనుకున్నాను. వదిన మాత్రం మొహానికి కొట్టిన నీళ్ళు ఊసి, "తోడు, చూస్తావేం," అని కసిరింది.

ఎండా మేమూ ఒకేసారి చేరాం. ముగ్గురం మూడు దారుల్లో పరుగెత్తాం. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. ఒక్కో బోనూ మూస్తూ పోతుంటే చివరి వరసలో టపుక్కుమని చప్పుడైంది. అటు పరుగెత్తాను.

బోనులో నీలం తోక. తోక మాత్రమే. ఇంకా మెలికలు తిరుగుతోంది. పొద కిందికి మొండి వెనకభాగంతో ఒక జాండోలి దూరిపోవడం కళ్ళారా చూశాను. బతికింది. తోక మళ్ళీ మొలుస్తుంది.

ముళ్ళు గీరుకుపోయిన కాళ్ళతో ఇసుకలో కూలబడ్డాం. నేను ఏడుస్తున్నాను. వదిన కూడా ఏడుస్తోంది గానీ, సముద్రపు నీళ్ళని చెప్పింది. నేను నమ్మినట్టు తలాడించాను.

ఆగస్టు 22

పెద్ద ఎలుక, మగది. చివరి వరసలోనే దొరికింది.

ఆగస్టు 26

మైనం మీద గీతల్లేవు. నిన్నా లేవు, మొన్నా లేవు.

కత్‌బర్ట్ గారు "ఇప్పుడే ఏమీ చెప్పలేను" అంటూనే ఈలవేస్తూ పడవెక్కారు. బోనులు మాత్రం ఇంకొన్ని నెలలు నడవాలట. నాకు ఆశ పెట్టుకోవాలంటే భయం. గుడ్లు మిగిలాయో లేదో. పెట్టిన గుడ్లన్నీ ఎలుకలు తిన్నట్టయితే ఈ ఏడు పిల్లలు ఉండవు, ఉన్న పెద్దవి ఎన్నాళ్ళు నెగ్గుకొస్తాయి? గుడ్లు పగిలే రోజులివే. రోజూ ఇసుకగట్టు కింద కూర్చుని చూస్తున్నాను. పీతలు తప్ప ఏమీ కదలడం లేదు. ఈసారి నిజంగా పీతలే.

ఆగస్టు 29

రేపు పండగ. వంతు ప్రకారం రేపు ఉదయం బోనులు మూయాల్సింది గులాబీ వాళ్ళు. నేను వెళ్తానని చెప్పాను. చర్చిలో మాస్ ప్రార్థన, ఊరేగింపు, పాట, ఏదీ వద్దు. ఎలుక వెళ్ళింది నా పాట కోసమే కదా. నేను పాడకపోతే లెక్క సరిపోతుంది.

మా టీటా దుఃఖపడింది. యూస్టస్ వద్దన్నాడు, వినలేదు. మధ్యాహ్నం వదిన మా గుమ్మంలోకి వచ్చింది. పెళ్ళయ్యాక మా ఇంటికి ఆవిడ రావడం ఇదే మొదలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపు పాడవటగా?"

"పాడను."

"తిక్కవేషాలు వెయ్యకు. రేపు బోనులు మేం చూసుకుంటాం. మార్గరీట్ వాళ్ళకి రేపు పండగా పాడా."

"నాకు పాడే మొహం లేదు వదినా."

"మొహంతో ఎవరు పాడమన్నారు?" అని గోడ మీది మా పెళ్ళి ఫోటో కాసేపు చూసింది. "నా కంటే బాగా పాడేది ఈ చుట్టుపక్కల నువ్వొక్కదానివి. ఇది నేనన్నానని ఎక్కడైనా చెప్పావో, లేదని ఒట్టేస్తాను. నువ్వు నోరు మూసుకుంటే అక్టోబరులో నేనెవరిని ఓడించాలే?"

వెళ్ళిపోయింది. ఎర్ర పావడా తీసి ఇస్త్రీ చేశాను.

ఆగస్టు 30

అంతా అయ్యాక రాస్తున్నాను. ఏదీ వదలకుండా రాయాలనుంది, వల్ల కావడం లేదు.

మాస్ బాగా జరిగింది. ఊరేగింపులో మా టీటా కిరీటం పక్కకి జారి చెవి మీద నిలిచినా రాణిలాగే నడిచింది. హాల్లో విందుకి కూర్చున్నాం. పాట ఎత్తుకున్నాను గానీ మనసు సగం దీవి మీదే ఉంది. ఎండెక్కింది. బోనులు మూసి ఉంటారా? అన్నీ మూసి ఉంటారా?

రెండో పాట మధ్యలో గుమ్మం దగ్గర గొడవ. మా సంఘానికి పండగ పోలీసు ఉంటాడు, ఉత్తుత్తి పోలీసే గానీ టోపీ పెడితే నిజం వాణ్ణి మించిపోతాడు. చేతులు అడ్డం పెట్టి ఎవర్నో ఆపుతున్నాడు. డప్పు ఆగింది. చూస్తే వదిన. తడిసిన పావడా, జుట్టులో ముళ్ళు, ఒంటి మీద వేరుశనగ ముద్ద వాసన. మార్గరీట్ మనిషి గులాబీ హాలు గడప తొక్కడం ఈ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

పోలీసుని ఒక్క తోపు తోసి నేరుగా నా ముందుకొచ్చింది. పరుగెత్తి వచ్చినట్టుంది, మాట రావడానికి కాస్త టైము పట్టింది.

"బోనులన్నీ ఖాళీ. మైనం మీద గీతల్లేవు," అంది. "ఇసుకగట్టు కింద..."

"ఏమైంది గట్టు కింద?"

చూపుడువేలు నా మొహం ముందు పెట్టింది. "ఇంతంత. ఇసుకలోంచి ఒకటి తల పెట్టింది. నేను రాయనుకున్నాను. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత బిలబిలమంటూ వచ్చేశాయి. నా పాదం మీదుగా ఒకటి పరుగెత్తింది సెరఫీన్. చక్కిలిగింత పెట్టినట్టయింది. కదిలితే తొక్కుతానేమోనని ఎంతసేపు అలా నిలబడ్డానో నాకే తెలియదు."

యూస్టస్ తలుపు పక్కన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు పోలీసుకి తన ఉద్యోగం గుర్తొచ్చింది. "మార్గరీట్ మనిషి గులాబీ గడప తొక్కింది. శిక్ష వెయ్యాలి," అన్నాడు. మా టీటా కిరీటం సరిచేసుకుని, వదినని కిందికీ పైకీ చూసి, "ఒక పాట పాడాలి. మా పాట," అంది.

పాడనంటుందనుకున్నాను. వదిన ముళ్ళు తీసుకుంటూ గొంతు సవరించుకుని మా పండగ పాట ఎత్తుకుంది. ఒక్క మాట తప్పలేదు. ఏళ్ళ తరబడి మా హాలు అవతలి గోడ పక్కన నిలబడి నేర్చుకుని ఉండాలి. పాట ఎత్తుకున్నవాళ్ళ వెనక మిగతావాళ్ళు వంత పాడాలి. డప్పు పడింది. అందరూ నా వైపు చూశారు.

ఈ హాల్లో ఎప్పుడూ ముందు నేనే పాడాను. ఈ రోజు మా వదినకి వంత పాడాను. ఏడుస్తూ, తప్పులు పాడుతూ, గట్టిగా పాడాను.